డీవీడీ కొనాలా, బ్లూరే కొనాలా?

ప్రశ్న: మా పబ్లిక్ లైబ్రరీకి సినిమా డిస్కులు కొంటున్నాం. డీవీడీలు మేలా, బ్లూరేలా?

జవాబు: ఎక్కువ భాగం డీవీడీలే తీసుకోండి. బ్లూరే ప్లేయర్లో డీవీడీ ఆడుతుంది, డీవీడీ ప్లేయర్లో బ్లూరే ఆడదు. మా కౌంటర్‌లో ఒక పెద్దావిడ బ్లూరే తీసుకెళ్లి, మర్నాడే "ఇది పాడైపోయింది బాబూ" అంటూ తెచ్చిచ్చారు. డిస్కు బాగానే ఉంది. ఆవిడ ముఖం నాకింకా గుర్తే.

గీతల సంగతీ చూడాలి. డీవీడీలో డేటా పొర 0.6 మిల్లీమీటర్ల లోతున ఉంటుంది కాబట్టి పాలిష్ చేస్తే చాలావరకు మళ్లీ ఆడుతుంది. బ్లూరేలో ఆ లోతు 0.1 మిల్లీమీటరే. పైన గట్టి పూత ఉన్నా, అది దాటి గీత పడితే బాగుచేయడం కష్టం.

ఛాయాగ్రహణం కోసం చూడాల్సిన సినిమాలకు మాత్రం బ్లూరే కొనండి, 1080 లైన్ల బొమ్మ వేరే! కొనేముందు రీజియన్ కోడ్ (డిస్కు ఏ ప్రాంతపు ప్లేయర్లలో ఆడుతుందో చెప్పే గుర్తు) తప్పక చూసుకోండి.