అన్ని మతాలకూ ఉమ్మడి సారం ఒకటుందా? తత్వవేత్తలు ఏమన్నారు?

ఉందని వాదించినవాళ్లు చాలామందే. అదేమిటన్న దగ్గరే పేచీ.

దేవుడి మీద నమ్మకమే కదా అనేస్తాం మనం. 1871లో ఇంగ్లండుకు చెందిన మానవ శాస్త్రవేత్త టైలర్ దాన్ని కాస్త విస్తరించి, ఆత్మలు, దేవతల వంటి అశరీర శక్తులను నమ్మితే అది మతమే అన్నాడు. ఫ్రెంచి సామాజికవేత్త డర్కైమ్ 1912లో బౌద్ధాన్ని చూపించి దీన్ని కొట్టిపారేశాడు. దుఃఖం, దాని కారణం, నివారణ, మార్గం: నాలుగు ఆర్యసత్యాల్లో దేవుడి ఊసే లేదు. పవిత్రమైనవాటిని మామూలువాటి నుంచి వేరుగా ఉంచడం, ఆ కట్టుబాటుతో జనం ఒక్కటవడం, ఇదీ ఆయన లెక్కలో సారం.

జర్మనీలో క్రైస్తవ మత పండితుడు రుడాల్ఫ్ ఒట్టో 1917లో అనుభవాన్ని పట్టుకున్నాడు. భయమూ ఆకర్షణా ఒకేసారి కలగడమే మతానికి మూలమన్నాడు. ఆయన చూపిన ఉదాహరణల్లో భగవద్గీత 11వ అధ్యాయం ఒకటి. విశ్వరూపం చూపమని అడిగింది అర్జునుడే. చూశాక ‘హృషితోఽస్మి’ (పులకించిపోయాను) అంటూనే అదే శ్లోకంలో మనసు భయంతో కలతపడిందనీ, పాత రూపానికి రమ్మనీ వేడుకుంటాడు. ఒట్టో చెప్పదలచుకున్నదంతా ఆ ఒక్క శ్లోకంలోనే ఉంది.

కానీ ఏటా తద్దినం పెట్టే మనిషిలో ఈ వణుకు ఉండాలనేం లేదు. అయినా అది మతం కాదనలేం కదా! అందుకే నా మొగ్గు ఆస్ట్రియాలో పుట్టిన తత్వవేత్త విట్‌గెన్‌స్టైన్ వైపు. ఆటలన్నిటికీ ఉమ్మడి లక్షణం ఒక్కటీ లేదని, ఒకే ఇంటివాళ్లలో ఒకరికి ముక్కు, మరొకరికి నడక కలిసినట్టు పోలికలే ఉంటాయని ఆయన అన్నాడు. తర్వాతివాళ్లు దాన్నే మతాలకూ వర్తింపజేశారు.