డేర్‌డెవిల్ రెండో ఎపిసోడ్ అంటే ఒక్క కారిడార్ ఫైటేనా? నా అభిప్రాయం ఇది

మీరు అడిగింది ఇదీ: డేర్‌డెవిల్ అనే సూపర్‌హీరో సిరీస్ మొదటి సీజన్ రెండో ఎపిసోడ్ "కట్ మ్యాన్" చూశాను, అందరూ తెగ పొగిడే కారిడార్ ఫైట్ చివర్లో ఓ మూడు నిమిషాలు వచ్చింది, అంతకు ముందు హీరో ఎక్కువసేపు దెబ్బలు తిని పడుకునే ఉన్నాడు, దీనికి ఇంత హడావుడి ఏంటి అని. నేనైతే ఆ పడుకున్న సీన్ల వల్లే ఆ ఫైట్ నిలబడింది అంటాను. ఎందుకంటున్నానో చెప్తా, కొంచెం పెద్దగానే ఉంటుంది.

నేను విజయవాడలో ఒక ప్రైవేట్ హాస్పిటల్లో క్యాజువాలిటీ స్టాఫ్ నర్సుని, చాలా ఏళ్లుగా నైట్ డ్యూటీలే ఎక్కువ. ఈ సిరీస్ నాకు చూపించింది మా తమ్ముడు, వాడు ఫైట్ దగ్గర పాజ్ చేసి మరీ "అక్కా చూడు, కట్ లేకుండా తీసినట్టుంది" అని చెప్తుంటే నేనేమో అంతకు ముందు సీన్లోనే ఉండిపోయాను, అందులో నర్సు టార్చ్ వేసి హీరో కళ్ళు చూసిన సీన్లో.

చూడనివాళ్ళ కోసం కథ రెండు ముక్కల్లో. న్యూయార్క్ లో హెల్స్ కిచెన్ అనే పేట, పగలు లాయరుగా రాత్రి ముసుగు మనిషిగా తిరిగే మ్యాట్ మర్డాక్ (ఇతనే డేర్‌డెవిల్), చిన్నప్పుడే చూపు పోయింది కానీ వినికిడి వాసన స్పర్శ మనకంటే ఎన్నో రెట్లు ఎక్కువ. రష్యన్ ముఠా ఒక పిల్లాడిని ఎత్తుకుపోతుంది, వాణ్ణి తీసుకురావడానికి వెళ్ళి అక్కడ పన్నిన వలలో పడి చావుదెబ్బలు తిని చెత్త డబ్బాలో పడి ఉంటాడు. క్లెయిర్ టెంపుల్ అనే నర్సు (రొసారియో డాసన్ వేసింది) ఇంట్లోకి తెచ్చి బతికిస్తుంది, ఆ రాత్రే అతను మళ్ళీ లేచి పిల్లాడి కోసం వెళ్తాడు. మధ్యమధ్యలో అతని చిన్నతనం, బాక్సర్ అయిన తండ్రి జాక్ కథ. 2015 ఏప్రిల్ 10న నెట్‌ఫ్లిక్స్ లో సీజన్ మొత్తం 13 ఎపిసోడ్లు ఒకేసారి వచ్చాయి, రెండోది రాసింది డ్రూ గొడార్డ్, డైరెక్షన్ ఫిల్ ఏబ్రహామ్. మన దగ్గరికి నెట్‌ఫ్లిక్స్ 2016 జనవరిలో వచ్చింది కాబట్టి చాలామంది తర్వాతే చూసుంటారు.

ఇప్పుడు ఆ కళ్ళ సీన్. స్పృహ లేకుండా వచ్చిన మనిషికి మేం మొదట చేసే పనుల్లో ఒకటి రెప్ప ఎత్తి టార్చ్ వేసి ప్యూపిల్ చూడటం, వెలుతురు పడగానే నల్లగుడ్డు మధ్య చుక్క చిన్నదవ్వాలి, అవ్వకపోతే తల లోపల రక్తం కారుతోందేమో అని గుండె జారిపోతుంది. క్లెయిర్ టార్చ్ వేస్తే ఇతని కళ్ళు కదలవు. మెలకువ వచ్చాక ఆ అమ్మాయి అదే అంటుంది, నీ కళ్ళు వెలుతురుకి స్పందించట్లేదు, దానికి నువ్వేం కంగారు పడట్లేదు, అంటే నీకు చూపు లేదన్నా అయ్యుండాలి లేదా నేననుకున్న దానికంటే నీ పరిస్థితి ఘోరమన్నా అయ్యుండాలి అని. సూపర్‌హీరో రహస్యం అంటే ముసుగు లాగేస్తేనో శత్రువు కనిపెడితేనో బయటపడుతుంది, ఇక్కడ ఒక నర్సు తన డ్యూటీలో రోజూ చేసే పరీక్షతో పట్టేసింది. నాకు అక్కడే ఈ రాసినవాళ్ళ మీద గౌరవం వచ్చింది.

తర్వాత ఊపిరి ఆడక అతను గిలగిలలాడితే ఛాతీలోకి సూది గుచ్చి గాలి తీస్తుంది. దీన్ని సినిమా వేషం అని కొట్టిపారేసినవాళ్ళు ఉన్నారు, కానీ అది నిజంగా చేసే పనే. పక్కటెముక విరిగి ఊపిరితిత్తికి గుచ్చుకుంటే గాలి బయటికొచ్చి ఛాతీలో చిక్కుకుపోతుంది, ఊపిరి తీసిన ప్రతిసారీ ఇంకా పెరుగుతుంది, ఊపిరితిత్తి ముడుచుకుపోయి చివరికి గుండె మీద కూడా ఒత్తిడి పడుతుంది. అప్పుడు ఎక్స్‌రే దాకా ఆగితే మనిషి పోతాడు. పెద్ద సూది గుచ్చి గాలి వదిలేయాలి, టైరులో గాలి తీసినట్టు సుయ్‌మని వస్తుంది, ఆ శబ్దం ఒక్కసారి విన్నవాళ్ళు మర్చిపోరు. ఆ రోజుల్లో సూది పైన రెండో పక్కటెముకల సందులో గుచ్చమనేవాళ్ళు, 2018లో వచ్చిన ఏటీఎల్‌ఎస్ (పెద్ద గాయాల ఎమర్జెన్సీ వైద్యం మీద డాక్టర్లకిచ్చే శిక్షణ) పదో ఎడిషన్ నుంచి పెద్దవాళ్ళకైతే చంక కింద పక్కన నాలుగో ఐదో సందు అంటున్నారు. సీరియల్ తప్పల్లా ఆ తర్వాతే, సూది కొద్దిసేపటి కోసమే, వెంటనే ఛాతీలో ట్యూబ్ వేసి బాటిల్ కి కలపాలి (మేం ఐసీడీ అంటాం), రోజుల తరబడి వార్డులో ఉంచాలి. ఇతను అదే రాత్రి ముఠాతో కొట్లాటకి వెళ్ళాడు. అది జరిగే పని కాదు, ఆ విషయంలో ఒప్పుకోనివాళ్ళతో నేను వాదించను.

హాస్పిటల్ వద్దు అంటాడు చూడండి, ఆ మాట నాకు బాగా తగిలింది. వాళ్ళు నన్ను వెతుక్కుంటూ వస్తారు, అడ్డొచ్చిన వాళ్ళందరినీ చంపేస్తారు అంటాడు. దాదాపు ఇలాంటి మాటే నేను డ్యూటీలో విన్నాను. ఒక రాత్రి ఇరవై ఏళ్ళ కుర్రాడిని వాళ్ళ నాన్న పట్టుకొచ్చాడు, కనుబొమ్మ చీలి రక్తం, బండి మీంచి పడ్డాడమ్మా అన్నాడు. బండి మీంచి పడితే అరచేతులు మోచేతులు గీసుకుపోతాయి. ఇతని అరచేతులు శుభ్రంగా ఉన్నాయి, పిడికిలి కణుపులు మాత్రం వాచి ఎర్రగా ఉన్నాయి. డ్యూటీ డాక్టరుగారు ఎమ్మెల్సీ రాయాలి అనగానే (మెడికో లీగల్ కేసు, కొట్లాట గాయాలైతే పోలీసులకి తెలియజేయాలి కదా) ఆ పెద్దాయన నా దగ్గరికొచ్చి "వద్దు సిస్టర్, వాళ్ళకి తెలిస్తే ఇక్కడికే వస్తారు" అని చేతులు పట్టుకున్నాడు. రాయక తప్పలేదు, రాశాం. కుట్లు వేస్తున్నంతసేపూ కొడుకు తల రెండు చేతులతో కదలకుండా పట్టుకుని నిలబడ్డాడు, మొహం మాత్రం పక్కకి తిప్పుకున్నాడు.

అందుకే ఈ ఎపిసోడ్లో తండ్రీకొడుకుల సీన్ నాకు అంత నచ్చింది, ఇక్కడ తిరగేసి చూపించారు, దెబ్బలు తిన్నది తండ్రి, కుట్లు వేసేది చిన్న కొడుకు. చేతులు వణక్కుండా ఉండటానికి ఒక గుక్క మందు తాగిస్తాడు తండ్రి. బాక్సింగ్ లో రౌండ్ రౌండ్ కి మధ్య మొహం మీద గాయాల రక్తం ఆపే మనిషిని కట్ మ్యాన్ అంటారు, ఆ ఇంట్లో ఆ పని పసివాడిది. తర్వాత ముఠావాళ్ళు ఐదో రౌండులో ఓడిపోవాలని జాక్ తో బేరం పెట్టుకుంటారు, ఆ సంగతి కొడుకు వినేస్తాడు, ఆయనేమో తన మీదే పందెం కాసి డబ్బు కొడుక్కి అందేలా ఏర్పాటు చేసి గెలుస్తాడు, ప్రాణం పోతుంది. గెలిస్తే చంపేస్తారని తెలిసీ ఒక్కసారైనా జనం తన పేరు అరుస్తుంటే కొడుకు వినాలనుకున్న మనిషి. ఫైట్ పూర్తిగా చూపించరు కూడా, అవసరం లేదు.

ఇదంతా చూసిన తర్వాత కారిడార్ లోకి వెళ్తాం. ఇప్పుడు ఆ ఫైట్ ని మళ్ళీ చూడండి. సన్నటి నడవా, పచ్చటి లైటు, హోరెత్తించే మ్యూజిక్ లేదు. డేర్‌డెవిల్ వేసుకునే ఎర్ర సూట్ ఇంకా రాలేదు, నల్ల బట్టలు, కళ్ళ మీదికి కట్టుకున్న నల్ల గుడ్డ అంతే. కెమెరా నడవా మధ్యలో ముందుకీ వెనక్కీ మెల్లగా తిరుగుతూ ఉంటుంది, కొట్లాట గదిలోకి వెళ్తే మనకి కనపడదు, దబదబ శబ్దాలే వింటాం, ఉన్నట్టుండి ఒక మైక్రోవేవ్ ఎగిరొచ్చి ఒకడికి తగులుతుంది. మామూలు సినిమాలో ఒక గుద్దుకి ఒకడు పడిపోయి ఇక లేవడు. ఇక్కడ పడ్డవాళ్ళు మళ్ళీ లేస్తారు, హీరో కూడా పడతాడు, గోడకి ఆనుకుని ఊపిరి కోసం ఆగుతాడు, గుద్దులో బలం తగ్గిపోతూ ఉంటుంది, చివర్లో అయితే గుద్దుతున్నాడా మీద పడిపోతున్నాడా అన్నట్టుంటుంది. పక్కటెముకలు విరిగిన మనిషి ఎలా ఉంటాడో నేను రోజూ చూస్తాను, లోతుగా గాలి పీల్చలేడు, మాట ముక్కలుగా వస్తుంది, దగ్గు వస్తే దిండు ఛాతీకి అదుముకుని దగ్గమంటాం. ఆ అలసట ఈ ఫైట్లో కనిపిస్తుంది. సోఫా మీద పడి ఉన్న సీన్లు తీసేసి ఈ మూడు నిమిషాలే యూట్యూబ్ లో చూస్తే అది మంచి స్టంట్, అంతే. అవి చూసి ఇక్కడికొస్తే మాత్రం అతను గోడ పట్టుకున్న ప్రతిసారీ ఆ సూది గుర్తొస్తుంది. అన్నీ అయ్యాక తలుపు తీసుకుని లోపలికెళ్ళి పిల్లాడిని ఎత్తుకుని, కింద పడి ఉన్నవాళ్ళ మధ్య నుంచి నడిచి వెళ్తాడు.

ఇది కొరియన్ సినిమా ఓల్డ్‌బాయ్ (2003) కి కాపీ అనే వాదన కూడా మీరు వినే ఉంటారు. ఆ ప్రభావం కాదనలేం, కానీ అక్కడ కెమెరా పక్క నుంచి గోడ తీసేసినట్టు చూపిస్తుంది, ఇక్కడ మనం నడవాలోనే నిలబడి ఉంటాం, సగం కొట్లాట కనపడనే కనపడదు. నాకు ఆ కనపడకపోవడమే నచ్చింది, కథానాయకుడికి చూపే లేదు కదా.

నాకు ఈ ఎపిసోడ్లో అసలు మింగుడు పడనిది ఒకటుంది, చాలామంది దాన్ని కూడా సూపర్ అన్నారు. మేడ మీద రష్యన్ ని కట్టేసి పిల్లాడు ఎక్కడున్నాడో చెప్పమని హింసించే సీన్. పక్కనున్న క్లెయిరే, కంటి పైన ఎముకలో సందు ఉంటుంది, అక్కడ నరం ఉంటుంది, కత్తి అక్కడ గుచ్చు అని చెప్తుంది. నేను సుఖంగా చూడలేకపోయాను. ఆ నరం గురించి మాకు నేర్పేది అక్కడ మత్తు ఇంజెక్షన్ ఇచ్చి నొప్పి లేకుండా నుదుటి మీద కుట్లు వేయడానికి. ఏ నరం ఎక్కడుందో తెలిసిన మనిషి ఆ తెలివిని నొప్పి పెట్టడానికి వాడితే ఇంక మా చేతికి ఎవరైనా ఒళ్ళు ఎలా అప్పగిస్తారు? పిల్లాడి ప్రాణం పోతోంది కదా అంటారు, నిజమే, ఆ భయం నాకూ అర్థమవుతుంది, అయినా ఒక నర్సు నోటి నుంచి ఆ మాట రాకూడదు అనే నేను అనుకుంటాను. ఎపిసోడ్ కూడా దీన్ని పూర్తిగా వెనకేసుకు రాలేదు. నాకిది ఇష్టం కాబట్టే చేస్తున్నా అని మ్యాట్ వాడితో అంటాడు, తర్వాత క్లెయిర్ ఆ మాట నేను నమ్మను అంటుంది. నమ్మట్లేదా, నమ్మకూడదని అనుకుంటోందా అనేది డాసన్ మొహంలో తేలదు. ఆ ఒక్క చూపు కోసం ఆమెని మెచ్చుకోవాలి.

ఇక మ్యాట్ తో కలిసి లాయరు ఆఫీసు నడిపే ఫాగీ, ఆ ఆఫీసులో పనిచేసే కేరెన్ రాత్రంతా బార్లో తాగుతూ తిరిగే భాగం సాగదీశారు అన్నారు కదా, అక్కడ నేను మీతోనే. ఇంటికెళ్ళడానికి కేరెన్ భయపడుతోందని తెలియాలి, దానికి ఒక్క సీన్ సరిపోయేది.

స్లోగా ఉందని ఆపేయకండి, అసలు విలన్ విల్సన్ ఫిస్క్ మూడో ఎపిసోడ్ చివర్లో వస్తాడు, అక్కణ్ణుంచి లెక్క మారుతుంది. ఫైట్లే కావాలంటే రెండో సీజన్ (2016) మూడో ఎపిసోడ్లో మెట్ల మీద ఒకటుంది, మూడో సీజన్ (2018) నాలుగో ఎపిసోడ్లో జైల్లో దాదాపు 11 నిమిషాల సింగిల్ షాట్ ఉంది, పనితనంలో అది దీన్ని మించిపోయింది. నాకు మాత్రం ఇదే ముందు. 2022లో నెట్‌ఫ్లిక్స్ నుంచి తీసేసి డిస్నీ వాళ్ళ యాప్ లో పెట్టారు (మన దగ్గర ఆ యాప్ 2025లో జియోహాట్‌స్టార్ అయింది), అక్కడ చూడండి. ఒక్క మాట, టీవీ స్పీకర్ తో కాకుండా హెడ్‌ఫోన్స్ పెట్టుకుని రాత్రిపూట చూడండి, ఆ కారిడార్ లో సగం కథ అతని ఊపిరి శబ్దంలోనే ఉంది, ఫ్యాను కింద కూర్చుని చూస్తే అది వినపడదు.