కలని తెలిసినా గింజలు కరకరలాడాయి

ప్రశ్న: డాక్టర్ గారూ, తెల్లవారుజాము కలలో ‘ఇది కలే’ అని నాకు తెలిసిపోతోంది. అయినా అమ్మమ్మ పెరట్లో జామకాయ కొరికితే గింజలు పళ్ళకింద కరకరలాడాయి. గోడ తాకితే సున్నం చేతికంటింది. మావారు కంగారు పడుతున్నారు. ఇదేమైనా జబ్బా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: జబ్బేం కాదమ్మా, మీవారిని టెన్షన్ పడొద్దనండి. కలలొచ్చే నిద్రలో ఒళ్ళు దాదాపు కదలదు గానీ కళ్ళు కదులుతాయి. 1975లో ఇంగ్లండులోని హల్ విశ్వవిద్యాలయంలో కీత్ హర్న్ అనే పరిశోధకుడు పరీక్షిస్తుంటే, నిద్రలో ఉన్న ఒకాయన ‘ఇది కలే’ అని తెలిసి, కలలోంచే, ముందు అనుకున్నట్టు కళ్ళు కుడీ ఎడమా తిప్పి సైగ చేశాడు. యంత్రం దాన్ని గీతలుగా గీసింది.

2018లో అచ్చయిన ప్రయోగం నాకింకా నచ్చింది. కళ్ళు మూసుకుని, కదిలే వేలిని ఊహించుకోమంటే చూపు గెంతుతూ పోతుంది. ఎదురుగా నిజంగా వేలు కదిలితే నున్నగా వెంబడిస్తుంది. తెలిసి కనే కలలోనూ చూపు నున్నగానే సాగింది! చూపు వరకైతే అలాంటి కల ఊహకన్నా మెలకువకే దగ్గరన్నమాట. జామకాయ సంగతి ఆ ప్రయోగం చెప్పలేదనుకోండి.

ఇలాంటి కలల కోసం అలారం పెట్టుకుని నిద్ర చెడగొట్టుకోకండి. పగటిపూట కూడా కలకీ నిజానికీ తేడా తెలియకపోతే మాత్రం డాక్టరుకి చూపించుకోండి.