ఊరుమ్మడి గాలిమరలో వాటా కొనొచ్చా?

ప్రశ్న: మాది రామగిరి మండలం. చుట్టూ కంపెనీల గాలిమరల ఫ్యాన్లు తిరుగుతుంటాయి, లాభం మాత్రం ఎవరికో పోతోంది. ఊరంతా కలిసి సొంత గాలిమర పెట్టుకుందామని కొందరు తిరుగుతున్నారు. ఇంటికి 2 లక్షల వాటా, ఏడాదికి 18 శాతం ఖాయం అంటున్నారు. మూడొందల ఇళ్లు చేరతాయట. చీనీ తోట మీద మిగిలిన 9 లక్షలు ఎఫ్‌డీలో ఉన్నాయి. రెండేళ్లలో అమ్మాయి పెళ్లి. రెండు వాటాలు తీసుకోమంటారా?
– ఒక రైతు, శ్రీ సత్యసాయి జిల్లా

జవాబు: పెళ్లి డబ్బు కదపకండి. ఈ మాట ముందే అనేస్తే మిగతాది నిదానంగా మాట్లాడుకోవచ్చు.

కళ్ల ముందు ఫ్యాన్లు తిరుగుతుంటే లాభం ఎవరికో పోతోందన్న మీ బాధ న్యాయమైనదే. ఊరే యజమాని కావడం కుదరని పని కూడా కాదు. కోయంబత్తూరు జిల్లాలోని ఓడంతురై పంచాయతీ 2006లో 350 కిలోవాట్ల గాలిమర కొన్నది. ఖర్చు 1.55 కోట్లు. అందులో 40 లక్షలు పంచాయతీ దాచుకున్నవి, మిగతాది బ్యాంకు అప్పు. దాన్ని ఊళ్లో కాదు, గాలి బాగా వీచే ఉడుమలపేట వైపు పెట్టారు. ఏడాదికి 6.75 లక్షల యూనిట్ల దాకా వస్తే, మంచినీళ్ల మోటార్లకూ వీధిదీపాలకూ దాదాపు 4.5 లక్షల యూనిట్లు పోను మిగిలింది విద్యుత్ బోర్డుకు అమ్మారు. ఇంటింటికీ వాటాలు అమ్మలేదు, ఎవరికీ శాతాలు చెప్పలేదు. ఎలాగూ కట్టాల్సిన కరెంటు బిల్లే అప్పు వాయిదా అయింది.

మీ దగ్గర లెక్క వేరు. ఇప్పటి మరలు 2, 3 మెగావాట్లవి. మెగావాట్‌కు 7 కోట్లనుకున్నా చిన్నదానికే 14 కోట్లు. మూడొందల ఇళ్లు కలిపి ఇచ్చేది 6 కోట్లు. మిగతా 8 కోట్ల అప్పుకు పూచీ సంతకం ఎవరిది? పైగా మీ వైపు గాలి జోరంతా నైరుతి రుతుపవనాల నెలల్లోనే. వాయిదా పన్నెండు నెలలూ కట్టాలి.

అంతకంటే పెద్ద చిక్కు, కరెంటు కొనేవాళ్లతో. డిస్కంలతో, అంటే కరెంటు పంపిణీ సంస్థలతో, పాతికేళ్ల ఒప్పందాలు చేసుకున్న గాలి ప్రాజెక్టుల ధర తగ్గించాలని 2019లో మన రాష్ట్ర ప్రభుత్వమే పట్టుబట్టింది. కంపెనీలు కోర్టుకెళ్లాయి. యూనిట్‌కు 4.80 పైచిలుకు రాసుకున్నవాళ్లకు కూడా కేసు తేలేదాకా తాత్కాలిక ధర 2.43 రూపాయలే. ఒప్పందం ధరే ఇవ్వాలని హైకోర్టు చెప్పేసరికి 2022 మార్చి వచ్చింది. ఆ రెండున్నరేళ్లు కంపెనీలు తట్టుకోవచ్చు, మీ మూడొందల ఇళ్లు తట్టుకోగలవా?

మా మేనమామ ఊళ్లో ఎనిమిది మంది కలిసి బోరు వేయించారు. మోటారు కాలితే 14 వేల కోసం ఎనిమిది వాదాలు. తేలేలోపు వేరుశనగ ఎండింది. మర గేర్‌బాక్స్ చెడితే లక్షల్లో పని, క్రేను తెప్పించాలి. దానికి విడిగా నిధి పెట్టారేమో అడగండి.

‘18 శాతం ఖాయం’ అన్న మాట దగ్గరే నేను ఆగిపోతాను. గాలి మీద వచ్చే రాబడిని ముందే ఖాయం చేసేవాళ్లుండరు. అలా చెప్పి జనం దగ్గర డబ్బు పోగేయడం 2019 నాటి అనియంత్రిత డిపాజిట్ల నిషేధ చట్టం కింద నేరం కూడా కావచ్చు. డెన్మార్క్‌లో కోపెన్‌హాగన్ తీరాన 20 మరల్లో సగం ఒక సహకార సంఘానివి, సభ్యులు 8 వేలకు పైనే. అక్కడ ఒక్కో వాటా అంటే ఏడాదికి 1,000 యూనిట్ల కరెంటు అని లెక్కగట్టారు. మీవాళ్లనూ శాతం వదిలేసి యూనిట్లలో చెప్పమనండి.

సంఘం రిజిస్ట్రేషన్, కనీసం ఏడాది పాటు స్తంభం కట్టి కొలిచిన గాలి రీడింగులు, కరెంటు కొంటామని ఎవరైనా రాసిచ్చిన ఒప్పందం చూపిస్తే అప్పుడు ఆలోచించవచ్చు. అదీ పెళ్లయ్యాక, ఒక్క వాటా, అది పోయినా ఇల్లు గడుస్తుందనుకుంటేనే. మధ్యలో బయటికి రావాలంటే వాటా ఎవరు, ఎంతకు తీసుకుంటారో కూడా నియమావళిలో ఉండాలి. ఈలోగా ఎఫ్‌డీ గడువు పెళ్లి ముహూర్తానికి రెండు నెలల ముందే తీరేలా బ్యాంకులో మార్పించుకోండి. సంఘం కాగితాలు చేతికొస్తే ఫొటోలు తీసి పంపండి, చదివి చెప్తాను.