అంగన్‌వాడీ గుడ్డు ఎవరిది?

ఈ నెల మీ ఉత్తరాల్లో ఎక్కువమంది అంగన్‌వాడీ తిండి గురించే అడిగారు. వాటిలో కొన్నిటికి జవాబులు ఇవి.

ప్రశ్న: నాకిప్పుడు ఆరో నెల. అంగన్‌వాడీలో రోజూ అన్నం, పాలు, గుడ్డు పెడతారు. మా అత్తమ్మేమో "అంతంత తింటే బిడ్డ లావైతది, కాన్పు కష్టమైతది" అంటుంది. కోడలు బయటికి పోయి తినడం నామోషీ అని కూడా అంటుంది. టీచరమ్మను అడిగి గుడ్డు ఇంటికి తెచ్చుకుంటే అందరం పంచుకోవాల్సి వస్తోంది. – ఒక పాఠకురాలు, నల్లగొండ జిల్లా

జవాబు: అత్తమ్మ మీద కోపం పెట్టుకోకండి, ఆమె కడుపుతో ఉన్నప్పుడు ఆమెకూ ఇదే చెప్పి ఉంటారు. కానీ ఆ మాట తప్పు. తల్లి సరిగా తినకపోతే బిడ్డ రెండున్నర కిలోలకన్నా తక్కువ బరువుతో పుట్టే ప్రమాదం పెరుగుతుంది. ఒంట్లో రక్తం తక్కువున్న మనిషికి కాన్పులో మామూలుగా పోయే రక్తమే ప్రాణం మీదికి తెస్తుంది. బిడ్డ మరీ పెద్దదవడానికి తరచూ కారణమయ్యేది గర్భంతో ఉన్నప్పుడు వచ్చే షుగర్, అంగన్‌వాడీ గుడ్డు కాదు. ఆ పరీక్ష చేయించుకోండి, అత్తమ్మకూ మీకూ ఇద్దరికీ టెన్షన్ తగ్గుతుంది.

అక్కడే కూర్చుని తినమనడంలో ఒక కిటుకుంది. తెలంగాణలో 2015 జనవరి 1 నుంచి ఆరోగ్యలక్ష్మి పథకం కింద గర్భిణులకు, బాలింతలకు ఒక పూట పూర్తి భోజనం, 200 మిల్లీలీటర్ల పాలు, గుడ్డు కేంద్రంలోనే పెట్టాలన్నారు. ఇంటికిస్తే ఏమవుతుందో మీరే రాశారు కదా! మన ఇళ్లలో ముందు మగవాళ్లు తింటారు, తర్వాత పిల్లలు, ఆఖర్న గిన్నెలో మిగిలింది కోడలు తింటుంది. ఈ వరసను ఏ జీవో మార్చలేదు గానీ, కనీసం ఒక పూట మీరు దాన్నుంచి తప్పించుకోవచ్చు. (ఆంధ్రలోనూ ఇలాంటిది ఉంది. అమృతహస్తం అన్నారు, అన్న అమృతహస్తం అన్నారు, సంపూర్ణ పోషణ అన్నారు. ప్రభుత్వం మారితే పేరు మారుతుంది, ఆకలి మాత్రం అదే.)

నామోషీ సంగతంటారా, ఇది ఎవరో వేసే ధర్మం కాదు. 2013 ఆహార భద్రత చట్టం ప్రకారం గర్భిణికి, కాన్పయ్యాక ఆరు నెలల దాకా బాలింతకు రోజుకు 600 కేలరీలు, తగినంత ప్రొటీన్ ఉండే తిండి ఉచితంగా ఇవ్వాల్సిందే. ఈ మాట మీరు చెబితే ఇంట్లో వినకపోవచ్చు, కాబట్టి ఆశా వర్కర్‌నో టీచరమ్మనో ఒకసారి ఇంటికి రమ్మని అత్తమ్మ ముందే చెప్పించండి. పనిలో పనిగా పథ్యం సంగతి కూడా మాట్లాడించండి, ఎందుకంటే కాన్పయ్యాక వారాల తరబడి కారప్పొడి అన్నం పెట్టి, నీళ్లు కూడా తక్కువ తాగమనే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. పాలిచ్చే తల్లికి మామూలు రోజులకన్నా ఎక్కువ తిండే కావాలి. పప్పు, ఆకుకూర, గుడ్డు ఏవీ మానక్కర్లేదు.

ప్రశ్న: మేం కట్టే పన్నులతో ఇలా ఉచితంగా పెట్టుకుంటూ పోతే రేపు ఎవరైనా పని చేస్తారా? – ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ఏడాది పిల్ల ఏం పని చేయాలి సార్?

మీ పన్నులో ఎంత పోతోందో చూద్దాం. 2017లో కేంద్రం సవరించిన లెక్క ప్రకారం రోజుకు ఒక బిడ్డకు 8 రూపాయలు, గర్భిణికి తొమ్మిదిన్నర, బాగా చిక్కిపోయిన బిడ్డకు 12. అందులోనూ మన రాష్ట్రాల్లో సగం కేంద్రానిది, సగం రాష్ట్రానిది. ఆ డబ్బుకు హోటల్లో చాయ్ వస్తుందేమో కనుక్కోండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఐదేళ్లలోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు లేనివాళ్లు తెలంగాణలో 33.1 శాతం, ఆంధ్రలో 31.2 శాతం తేలారు. వాళ్లు బద్ధకంతో అలా ఉండిపోలేదు. ఈ హక్కు ఊరికే కూడా రాలేదు. అంగన్‌వాడీలు 1975 నుంచే ఉన్నా, గోదాముల్లో ధాన్యం మూలుగుతుంటే జనం పస్తులుండటమేమిటని 2001లో పౌరహక్కుల సంఘం పీయూసీఎల్ సుప్రీంకోర్టుకు వెళ్లాకే ప్రతి ఆవాసంలో కేంద్రం ఉండాలన్న ఆదేశాలు వచ్చాయి.

ప్రశ్న: మా బాబుకు పది నెలలు. అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతం పొడి పెడితే ఉమ్మేస్తున్నాడు. పారేయడం ఎందుకని లడ్డూలు చేసి పెద్దదానికి పెడుతున్నాను, దానికి నాలుగేళ్లు. – ఒక పాఠకురాలు, వనపర్తి జిల్లా

జవాబు: ఆ రెండున్నర కిలోల ప్యాకెట్ బాబుది. రోజుకు 100 గ్రాముల చొప్పున ఇరవై ఐదు రోజులకు లెక్కేసి ఇస్తారు. అందులో ఉండేవి గోధుమలు, శనగపప్పు, పాలపొడి, చక్కెర, నూనె. కాచి చల్లార్చిన నీళ్లలో కలిపి, చెంచాలోంచి కారిపోనంత గట్టిగా ఉంచి, ఒక్కసారే కుక్కకుండా రోజులో మూడు నాలుగు సార్లుగా పెట్టి చూడండి. పలచన చేసి పాలసీసాలో మాత్రం పోయకండి, కడుపు నిండినట్టే ఉంటుంది గానీ బలం రాదు. తీపి నచ్చకపోతే బలవంతం వద్దు, మెత్తగా మెదిపిన పప్పన్నంలో కాస్త నూనె, ఉడికిన గుడ్డు కలిపి పెట్టండి. మీ పాలు మానిపించకండి.

పెద్దమ్మాయిని కేంద్రానికి పంపండి, మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు వేడి భోజనం అక్కడే పెడతారు. బాబు బరువు పెరగకపోతే టీచరమ్మతో జబ్బ కొలిపించండి. టేపు మీద 11.5 సెంటీమీటర్లకన్నా తక్కువ వస్తే ఇంట్లో చిట్కాలతో కాలం గడపకుండా ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

ప్రశ్న: పాలమూరు నుంచి బిల్డింగ్ పనికి సిటీకి వచ్చాం. నా భార్యకు ఏడో నెల. పేరు ఊళ్లో ఉంది కాబట్టి ఇక్కడి అంగన్‌వాడీలో తిండి పెట్టం అంటున్నారు. – ఒక పాఠకుడు

జవాబు: ఊళ్లో పేరుందని ఇక్కడ కాదనడానికి వీల్లేదు. అంగన్‌వాడీల్లో పేర్లు నమోదు చేసే పోషణ్ ట్రాకర్ యాప్‌లో పేరును ఒక కేంద్రం నుంచి ఇంకో కేంద్రానికి మార్చే వీలుంది. ఆమె ఆధార్, తల్లీబిడ్డల కార్డు పట్టుకెళ్లి అడగండి. రేపు బిడ్డ పుట్టాక కూడా తల్లి ఆధార్ చాలు. అయినా కాదంటే టీచర్‌తో గొడవ పడకండి, పైనున్న సూపర్‌వైజర్‌ను, ఆ తర్వాత సీడీపీవోను (అంగన్‌వాడీల ప్రాజెక్టు అధికారిని) కలవండి. అక్కడా పని కాకపోతే సోమవారం కలెక్టరేట్లో ప్రజావాణి ఉంటుంది, కాగితం మీద రాసిచ్చి రసీదు తీసుకోండి. ఈలోగా ఐరన్ మాత్రలు ఆపనివ్వకండి. బస్తీ దవాఖానాలో అడగండి. మలం నల్లగా వస్తే భయపడక్కర్లేదు, మాత్ర వేసుకున్న వెంటనే చాయ్ మాత్రం తాగొద్దనండి.