పాఠకుల ప్రశ్నలు: ప్రయాణానికి ఏ చిన్న కెమెరా?

ప్రశ్న: నేను పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయినిని. ఈ శీతకాలంలో మావారితో కలిసి అజంతా, ఎల్లోరా, హంపి చూసుకుని, ఆ తర్వాత కాశీ వెళ్లాలని అనుకుంటున్నాము. నా ఫోనుతో పగటిపూట తీసిన ఫొటోలు బాగానే వస్తున్నాయి. గుడి మండపాల లోపలా, గోపురం పైనున్న బొమ్మల విషయంలోనూ మాత్రం తృప్తి కలగడం లేదు. దుకాణంలో 40 రెట్ల జూమ్ ఉన్న చిన్న కెమెరా ఒకటి, సుమారు 4 రెట్ల జూమ్ మాత్రమే ఉన్న మరొకటి చూపించారు. జూమ్ తక్కువ ఉన్నదానికే ధర ఎక్కువ చెప్పారు. ఎందుకో అర్థం కాలేదు. లెన్సులు మార్చుకునే పెద్ద కెమెరాను మోసే ఓపిక నాకు లేదు. ఏది తీసుకోమంటారు? అమెరికాలో ఉన్న మా అబ్బాయి అక్కడి నుంచి తెస్తానంటున్నాడు, అది మంచిదేనా?
— ఒక పాఠకురాలు, అనకాపల్లి

జవాబు: అమ్మా, మీకు వచ్చిన సందేహంలోనే సగం సమాధానం ఉంది. ఆ ధర తేడా జూమ్‌కు సంబంధించినది కాదు, లోపల బొమ్మ పడే సెన్సర్‌కు సంబంధించినది. 40 రెట్ల జూమ్ ఉన్న జేబు కెమెరాల్లో సెన్సర్ సుమారు 6.2 మిల్లీమీటర్ల వెడల్పు, 4.6 మిల్లీమీటర్ల ఎత్తు మాత్రమే ఉంటుంది. రెండో రకంలో ఉండేది 13.2 × 8.8 మిల్లీమీటర్లది, దాన్నే దుకాణాల్లో ఒక అంగుళం సెన్సర్ అంటారు. వైశాల్యంలో ఇది మొదటిదానికి నాలుగింతలు. సెన్సర్ పెద్దదైతే దానికి తగిన లెన్సూ పెద్దది కావాలి కాబట్టి, కెమెరా జేబులో పట్టాలంటే జూమ్‌ను తగ్గించుకోక తప్పదు. చిన్న కెమెరాలో దూరమూ వెలుతురూ రెండూ సమృద్ధిగా దొరకవు. దూరాన్ని ఎంచుకున్న కెమెరా చౌకగా, వెలుతురును ఎంచుకున్న కెమెరా ఖరీదుగా మీ ముందుకు వచ్చాయి.

ఇక లెన్సు సంగతి. 40 రెట్ల కెమెరాల్లో జూమ్ వాడకుండా తీసినప్పుడు కూడా అపర్చర్, అంటే లెన్సులో వెలుతురు దూరే రంధ్రం, సాధారణంగా ఎఫ్ 3.3 దగ్గర మొదలై, పూర్తిగా ముందుకు జరిపేసరికి 6.9 వరకు మూసుకుపోతుంది. అంగుళం సెన్సర్, 4 రెట్ల జూమ్ ఉన్నవాటిలో అది 1.8 దగ్గర మొదలవుతుంది. ఈ అంకె ఎంత చిన్నదైతే లోపలికి అంత ఎక్కువ వెలుతురు వస్తుంది. సెన్సర్ తేడానూ లెన్సు తేడానూ కలిపి లెక్క వేస్తే, ఒకే దృశ్యాన్ని ఒకే షట్టర్ వేగంతో (అంటే షట్టర్ అంతే సేపు తెరిచి ఉంచి) తీసినప్పుడు రెండో కెమెరాకు అందే మొత్తం వెలుతురు 13, 14 రెట్లు ఉంటుంది. మిట్టమధ్యాహ్నం ఆరుబయట ఈ తేడా మీ కంటికి కనిపించదు. చీకటి మండపంలో మాత్రం, చిన్న సెన్సర్ కెమెరా చాలని వెలుతురును ఐఎస్ఓ (సెన్సర్ సున్నితత్వపు అమరిక) పెంచి భర్తీ చేయబోతే, చిత్రమంతా గరుకుగా చుక్కలు తేలుతుంది. ఆ చుక్కలను తుడవబోయి కెమెరా ముఖాల మీది సన్నని గీతలను కూడా తుడిచేస్తుంది.

మీ ప్రయాణంలో ఈ తేడా బాగా తెలిసివచ్చేది అజంతాలోనే. చిత్రాలు ప్రధానంగా ఉన్న 1, 2, 16, 17 సంఖ్యల గుహల్లో రంగులు దెబ్బతినకుండా ఉండేందుకు వెలుతురును మందంగా ఉంచుతారు. ఫ్లాష్ నిషేధం, పురావస్తు శాఖ కట్టడాల్లో అనుమతి లేకుండా ట్రైపాడ్ పెట్టనివ్వరు, గోడకు గానీ స్తంభానికి గానీ ఆనుకోకూడదు. అంటే చేతిలో పట్టుకుని తీయడం తప్ప మరో దారి లేదు. కుడ్యచిత్రం కదలదు కాబట్టి, చేతి వణుకును సర్దే స్టెబిలైజేషన్ ఉన్న కెమెరాతో జూమ్ వాడకుండా, మోచేతులను పక్కటెముకలకు ఆనించి, ఊపిరి బిగబట్టి తీస్తే సెకనులో ఎనిమిదో వంతు షట్టర్ వేగంతో కూడా స్పష్టమైన చిత్రం వస్తుంది. మీ ఫోను ఇటీవలిదైతే దాని నైట్ మోడ్ కూడా ఇక్కడ పనికివస్తుంది, ఎందుకంటే అది వెంటవెంటనే తీసిన అనేక చిత్రాలను పేర్చి ఒకటిగా చేస్తుంది. ఒకటో గుహ గోడ మీది పద్మపాణి బోధిసత్వుని ముఖంలోని రేఖల దాకా పట్టుకోవాలంటే మాత్రం పెద్ద సెన్సర్‌దే పైచేయి. (అన్నట్టు, అజంతా సోమవారాలు, ఎల్లోరా మంగళవారాలు మూసి ఉంటాయి. టికెట్లు కొనే ముందు చూసుకోండి.)

ఎల్లోరాలో ఇబ్బంది వేరు. కైలాసనాథ ఆలయం చుట్టూ కొండను తొలిచిన ప్రాంగణంలో మీరు వెనక్కి జరగడానికి చోటు ఉండదు, కాబట్టి అక్కడ కావలసింది వెడల్పు. కెమెరా పెట్టె మీద 35 ఎం.ఎం. ఫిల్ము లెక్కలో జూమ్ మొదలయ్యే అంకె 24 ఉందా, 28 ఉందా చూడండి. ఈ మిల్లీమీటర్ల అంకె తగ్గేకొద్దీ దృశ్యం వెడల్పవుతుంది, పెరిగేకొద్దీ దూరపు వస్తువు దగ్గరవుతుంది. 24 అయితే అడ్డంగా సుమారు 74 డిగ్రీల దృశ్యం పడుతుంది, 28 అయితే 65 డిగ్రీలే. మీ ఫోనులో అతి వెడల్పు లెన్సు విడిగా ఉంటే అక్కడ దాన్నే వాడండి. జేబు కెమెరాలు ఈ ఒక్క విషయంలో ఫోనుకు సాటి రావు.

దూరం అవసరమయ్యేది హంపిలో. విరూపాక్షాలయ గోపురం పై అంతస్తుల బొమ్మలకు, హజార రామాలయం గోడల మీది రామాయణ ఘట్టాలను విడివిడిగా తీసుకోవడానికి 200 మిల్లీమీటర్ల దాకా జూమ్ ఉంటే హాయిగా ఉంటుంది. అంతకు మించిన దూరం మీ ప్రయాణంలో అరుదుగానే తగులుతుంది. ఒకవేళ తగిలినా, 200 దగ్గర తీసిన 20 మెగాపిక్సెళ్ల చిత్రాన్ని వెడల్పులో సగానికి కత్తిరించుకుంటే, 400 దగ్గర తీసినంత చేరువగా కనిపించే 5 మెగాపిక్సెళ్ల చిత్రం మిగులుతుంది. ఆల్బములో పెట్టుకోవడానికి అది చాలు. 40 రెట్ల కెమెరా చేరే 960 మిల్లీమీటర్ల జూమ్‌ను (24కు 40 రెట్లు) ఎఫ్ 6.9 అపర్చర్‌తో చేత్తో పట్టుకుని తీయడం ఎండలో తప్ప నెరవేరే పని కాదని దుకాణంలో ఎవరూ చెప్పరు. వీలైతే ఆ కెమెరాను సాయంత్రం దుకాణం గుమ్మం బయటికి తీసుకువచ్చి, ఎదురు వీధి చివర ఉన్న బోర్డును పూర్తి జూమ్‌లో తీసి చూడండి.

హంపి ఎండలో మరొకటి కూడా గమనిస్తారు: కెమెరా వెనుక తెర మీద ఏమీ కనబడదు. అందుకే కంటికి ఆనించుకుని చూసే వ్యూఫైండర్ ఉన్న కెమెరానే మీకు ప్రత్యేకంగా సూచిస్తున్నాను. చత్వారం వచ్చిన వారికి ఇది ఇంకా మేలు. వ్యూఫైండర్ పక్కన ఉండే చిన్న మీటను మీ చూపుకు తగినట్టు సర్దుకుంటే, దగ్గరి చూపు కళ్లద్దాలు పెట్టుకోకుండానే బొమ్మ స్పష్టంగా కనిపిస్తుంది. ముఖానికి ఆనించి పట్టుకోవడం వల్ల చేతి వణుకు కూడా తగ్గుతుంది. తయారీదారులు ధర తగ్గించడానికి మొదట తీసివేసేది దీన్నే.

కాశీలో దశాశ్వమేధ ఘాట్ సాయంకాల హారతి అన్నిటికంటే కఠినమైన పరీక్ష. అక్కడ చీకటి ఉంటుంది, దీపాలు కదులుతాయి, పడవ మీద ఉంటే మీరూ కదులుతుంటారు. స్టెబిలైజేషన్ మీ చేతి కదలికను సర్దుతుందే గానీ అర్చకుల చేతి కదలికను ఆపలేదు. దానికి కనీసం సెకనులో 125వ వంతు షట్టర్ వేగం కావాలి. ఫోను పేర్చే చిత్రాల్లోనూ ఈ కదిలే చేతులే చెదిరిపోతాయి. ఇక్కడ ఎఫ్ 1.8 లెన్సు విలువ తెలుస్తుంది. చుట్టూ ఉన్న చీకటిని చూసి కెమెరా వెలుతురును పెంచడం వల్ల దీపాల మంటలు తెల్లగా మాడిపోతాయి కాబట్టి, ఎక్స్‌పోజర్‌ను (చిత్రానికి అందే వెలుతురు మోతాదును) ఒక మెట్టు తగ్గించుకునే మీట చేతికి సులువుగా అందేలా ఉందో లేదో కొనేటప్పుడే చూసుకోండి.

ఇన్ని చెప్పి పేర్లు చెప్పకపోతే మీరు ఒప్పుకోరు. 2019లో వచ్చిన సోనీ ఆర్ఎక్స్ 100 ఏడో రూపంలో అంగుళం సెన్సర్, 24 నుంచి 200 వరకు జూమ్, పైకి లేచే వ్యూఫైండర్ ఉన్నాయి. బరువు సుమారు 300 గ్రాములు. లెన్సు ఎఫ్ 2.8 నుంచి 4.5, అంటే హారతి దగ్గర కాస్త తగ్గుతుంది, గోపురం దగ్గర ఆదుకుంటుంది. అదే ఏడాది వచ్చిన కానన్ జీ 7 ఎక్స్ మార్క్ 3లో లెన్సు ఎఫ్ 1.8 నుంచి 2.8, జూమ్ 100 దగ్గరే ఆగుతుంది, వ్యూఫైండర్ లేదు. మీ నాలుగు మజిలీలను కలిపి చూస్తే నా ఓటు మొదటిదానికే. అంత ధర పెట్టలేమనుకుంటే కానన్ తీసుకోండి. 40 రెట్ల కెమెరా మాత్రం ఈ ప్రయాణానికి వద్దు. దానికి డబ్బు పెట్టడం కంటే మీ ఫోనుతోనే వెళ్లి రావడం మేలు.

మీ అబ్బాయి తేవడంలో తప్పేమీ లేదు కానీ, చాలా సంస్థల వారంటీ కొన్న దేశానికే పరిమితం. లెన్సు బయటికి వచ్చి లోపలికి వెళ్లే కెమెరాల్లో ఆ మరమ్మతు ఖర్చు తక్కువేమీ కాదు కాబట్టి, ధరలో వ్యత్యాసం గణనీయంగా ఉంటేనే అక్కడ కొనమనండి. అమెరికాలో కరెంటు 60 హెర్ట్జ్, మనకు 50. అక్కడి అమరికతోనే ఇక్కడి దీపాల కింద వీడియో తీస్తే మినుకుమినుకుమంటుంది. మెనూలో ఎన్‌టీఎస్‌సీ (60 హెర్ట్జ్‌కు తగిన వీడియో పద్ధతి) నుంచి పాల్ (50 హెర్ట్జ్‌కు తగినది)కు మార్చుకుంటే సరిపోతుంది.

ప్రశ్న: నేలపట్టు, పులికాట్ పక్షుల కోసం జేబులో పట్టే కెమెరా ఏదైనా ఉందా?
— ఒక పాఠకుడు, సూళ్లూరుపేట

జవాబు: పై జవాబులో వద్దన్న, జూమ్ ఎక్కువున్న రకం కెమెరానే మీకు తగినది. నేలపట్టులో నీటి మధ్య చెట్ల మీద గూళ్లు కట్టుకునే గూడబాతులు పెద్ద పక్షులు, గంటల తరబడి కదలకుండా కూర్చుంటాయి. ఉదయపు ఎండలో 700 మిల్లీమీటర్లకు పైగా జూమ్ ఉన్న చిన్న సెన్సర్ కెమెరా వాటిని చక్కగా తీస్తుంది. పానసోనిక్ 2025లో తెచ్చిన టీజెడ్ 99లో జూమ్ 24 నుంచి 720 వరకు ఉంది. అందులో వ్యూఫైండర్ లేదు. అంత జూమ్‌లో వెనుక తెర చూస్తూ పక్షిని వెతుక్కోవడం విసుగు పుట్టిస్తుందని ముందే తెలుసుకోండి. పులికాట్‌లో ఫ్లెమింగోలు మరీ దూరంగా ఉంటాయి. పొద్దెక్కాక నీటి మీది వేడిగాలి చలించి చిత్రం అలలుగా వస్తుంది. దాన్ని ఏ లెన్సూ సరిచేయలేదు. ఎగిరే పక్షులకు ఈ కెమెరాల ఫోకస్ వేగం చాలదు.

ప్రశ్న: జూమే లేని రికో జీఆర్, ఫ్యూజీ ఎక్స్ 100 వంటి కెమెరాలను అంత ధర పెట్టి ఎందుకు కొంటారు? యూరప్ ప్రయాణానికి నేను కొనవచ్చా?
— ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: జూమ్ వదులుకున్నందుకు ప్రతిఫలంగా వాటిలో సెన్సర్ మరింత పెరుగుతుంది. 2019 నాటి రికో జీఆర్ 3 బరువు బ్యాటరీతో 257 గ్రాములే అయినా సెన్సర్ వైశాల్యం అంగుళం రకానికి మూడింతలు. 28 మిల్లీమీటర్ల లెన్సు వీధులకు, ఇరుకు సందులకు బాగుంటుంది. 2024లో వచ్చిన ఫ్యూజీ ఎక్స్ 100 ఆరో రూపం 35 మిల్లీమీటర్లది, బరువు అర కిలోకు పైనే కనుక దాన్ని జేబు కెమెరా అనలేము. మీరు తీసే చిత్రాల్లో ఎక్కువ భాగం మనుషులూ వీధులూ అయితే నిస్సంకోచంగా కొనండి. ఒక నెల పాటు ఫోనులో జూమ్ వాడకుండా తీసి చూసి, చేయి ఊరికే జూమ్ వైపు పోతుంటే మానుకోండి.

ప్రశ్న: వాడిన కెమెరా కొంటే ఏమేమి చూడాలి? దుకాణాల్లో కొత్త కాంపాక్టులు (జేబు కెమెరాలు) దొరకడం లేదు.
— ఒక విద్యార్థి, వరంగల్

జవాబు: దొరకకపోవడానికి కారణం ఫోన్లే. 2010లో ప్రపంచవ్యాప్తంగా 12 కోట్లకు పైగా డిజిటల్ కెమెరాలు విడుదలైన తర్వాత, చౌక రకాల పనిని ఫోన్లు లాగేసుకోవడంతో సంస్థలు వాటి తయారీని దాదాపు మానుకున్నాయి. ఈ మధ్య మీ వయసువారికే పాత కాంపాక్టులపై మోజు పెరిగి వాడినవాటి ధరలూ ఎక్కాయి.

కొనేటప్పుడు జూమ్‌ను ఆ చివర నుంచి ఈ చివరికి చాలాసార్లు నడిపి, గరగర శబ్దం గానీ తడబాటు గానీ ఉందేమో చూడండి. జూమ్ లెన్సు సాగినప్పుడల్లా గాలితో పాటు దుమ్మునూ లోపలికి పీలుస్తుంది, ఆ సెన్సర్‌ను మనం తుడుచుకోలేము. అందువల్ల అపర్చర్‌ను వీలైనంత మూసి తెల్ల గోడను తీసి, బూడిదరంగు మచ్చలు కనిపిస్తే వదిలేయండి. మబ్బు పొర లాంటిది లెన్సులో కనబడితే అది బూజు. మన తీర ప్రాంతాల నుంచి వచ్చిన కెమెరాల్లో దీన్ని తప్పక వెతకాలి. బ్యాటరీ ఉబ్బిందా, ఆ బ్యాటరీ ఇంకా కొత్తది దొరుకుతోందా అన్నది కూడా అడగండి.

ప్రశ్న: ఎన్ని మెగాపిక్సెళ్లు ఉండాలి?
— ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: ఏ4 కాగితం మీద నాణ్యమైన ముద్రణకు 9 చాలు, 4కే టీవీ చూపించేది 8 మాత్రమే. ఇప్పుడు అమ్మే ఏ కెమెరాలోనైనా అంతకంటే ఎక్కువే ఉంటాయి కాబట్టి ఈ అంకెను చూడనే వద్దు.

ప్రశ్న: విమానంలో అదనపు బ్యాటరీలు తీసుకువెళ్లవచ్చా? ఎన్ని కావాలి?
— ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: విడి లిథియం బ్యాటరీలను చేతి సంచిలోనే ఉంచుకోవాలి, లోపలికి పంపే పెట్టెలో పెట్టకూడదు. ఒక్కొక్కటి 100 వాట్ అవర్ల లోపు ఉండాలన్నది నియమం. కాంపాక్టు కెమెరా బ్యాటరీ సుమారు 5 మాత్రమే. ఒక్క చార్జింగ్‌కు సంస్థలే చెప్పే లెక్క 200 నుంచి 300 చిత్రాలు కనుక, రోజంతా తిరిగేవారికి అదనంగా రెండు సరిపోతాయి. వాటి కొనలు తాళం చెవులకు, నాణేలకు తగలకుండా ప్లాస్టిక్ డబ్బీలో పెట్టుకోండి.