రాతి మీద ‘రియల్ హీరోస్’ అని చెక్కించవచ్చా?

సందేహం: మాది కర్నూలు జిల్లాలో పత్తికొండ వైపు ఒక పల్లె. బస్టాండు పక్కన మా ఊరి సైనికుల పేర్లతో ఒక రాయి నిలబెట్టాలని కొందరం అనుకున్నాం. పేర్లు మూడు. ఒకాయన కార్గిల్ యుద్ధంలో చనిపోయినాడు. ఇంకొకాయన 1971 యుద్ధంలో ఉండి వచ్చి, పెన్షన్ తీసుకుంటూ పెద్దవయసులో ఇంట్లోనే పోయినాడు. మూడో ఆయన ఇంకా ఉన్నాడు, రోజూ చేనికి పోతాడు. పైన ‘మా ఊరి అమరవీరులు’ అని రాయించాలని పెద్దవాళ్లు అంటున్నారు. ‘మా ఊరి రియల్ హీరోస్’ అని ఉండాలని పిల్లోళ్లు పట్టుబట్టినారు. ఆ పక్కనే సినిమా హీరోల ఫ్లెక్సీలు కట్టి ఉంటాయి కాబట్టి ‘రియల్’ అనే మాట తప్పదని వాళ్ల వాదం. ఏది సరైనది? పేర్ల ముందు ఏం రాయాలి? పతకం వచ్చినవాళ్లను ‘విజేత’ అనాలా, ‘గ్రహీత’ అనాలా?

సమాధానం: ముందుగా ‘అమరవీరులు’ సంగతి. ముగ్గురిలో ఆ మాట ఒక్కరికే కుదురుతుంది, కార్గిల్‌లో ప్రాణాలిచ్చిన ఆయనకు. అమరుడంటే చావు లేనివాడని నిఘంటువు చెబుతుంది. వాడుకలో మాత్రం ఏదో ఒక పోరాటంలో ప్రాణం పోగొట్టుకున్నవాడు అనే అర్థమే స్థిరపడింది. రక్షణశాఖ కాగితాల్లో ఇలాంటి గౌరవపదం ఏదీ లేదు. అక్కడ యుద్ధంలో పోయినవాణ్ని ‘బ్యాటిల్ క్యాజువల్టీ’ అని మాత్రమే రాసుకుంటారు. ‘అమరుడు’ అనే మాట జనం ఇచ్చింది. జనం ఇచ్చిన మాట కాబట్టే జనం అర్థంలోనే వాడాలి. రోజూ చేనికి పోయే పెద్దాయన పేరు ఆ శీర్షిక కింద ఉంటే, బస్సు దిగినవాడెవడైనా ఆయన లేడనే అనుకుంటాడు. ఆ ఇంటివాళ్లకు అది ఎంత బాధగా ఉంటుందో మీకు నేను చెప్పాల్సిన పని లేదు.

ఇలాంటి పొరపాటు ఢిల్లీ స్థాయిలోనే ఒకసారి జరిగింది. 1999లో టైగర్ హిల్ మీద ఒళ్లంతా తూటాలు తగిలినా పోరాటం ఆపని గ్రెనేడియర్ యోగేంద్రసింగ్ యాదవ్‌కు పరమవీరచక్ర ప్రకటించినప్పుడు ‘మరణానంతరం’ అన్నారు. అప్పటికి ఆయన ఆసుపత్రిలో కోలుకుంటున్నారు. అదే పేరున్న ఇంకో సైనికుడు ఆ పోరులో చనిపోవడంతో వచ్చిన తికమక అది. కాగితం మీది మాటను దిద్దుకున్నారు. రాతి మీద చెక్కాక దిద్దడం కష్టం. అందుకే మీరు ముందే అడిగినందుకు సంతోషం.

1971లో పోరాడి వచ్చి, తర్వాత ఎన్నో ఏళ్లకు పోయిన ఆయనకు ‘కీర్తిశేషులు’ చక్కగా సరిపోతుంది. ‘లేట్ శ్రీ’ అనే అతుకు వద్దు. మూడో ఆయనకు ‘శ్రీ’ చాలు. ముగ్గురికీ కలిపి శీర్షిక కావాలంటే ‘మా ఊరి యుద్ధవీరులు’ అని పెట్టుకోండి. ఈ మాట బతికున్నవాళ్లకూ, పోయినవాళ్లకూ చెల్లుతుంది. అయితే మూడో ఆయన ఏ యుద్ధంలోనూ పాల్గొనకుండా సరిహద్దు కాపలాలోనే పదవీకాలం గడిపి ఉంటే ‘మా ఊరి సైనికులు’ అనడం మేలు. అది చిన్న మాటేమీ కాదు.

ఇక పిల్లల మాట. వాళ్ల ఆవేదన నాకు బాగా అర్థమవుతోంది, అందుకే దీని గురించి కాస్త ఎక్కువ చెబుతాను. కొత్త సినిమా విడుదలైతే కర్నూలు కొండారెడ్డి బురుజు దగ్గరా, అనంతపురం టవర్ క్లాక్ దగ్గరా, కడప ఏడురోడ్ల కూడలిలోనూ ఫ్లెక్సీలు ఎలా లేస్తాయో మనందరికీ తెలుసు. పాలాభిషేకాలు, టపాకాయలు, పొట్టేళ్ల బలులు. నటుణ్ని అభిమానించడం తప్పని నేను అనను. కానీ పరమవీరచక్ర 1950లో మొదలైనప్పటి నుంచి ఇప్పటివరకు దక్కింది 21 మందికే. అందులో 14 మందికి మరణానంతరమే. ఆ 21లో ఐదు పేర్లు చెప్పగలిగిన పిల్లవాడు మన బడుల్లో అరుదు. 2023లో అండమాన్‌లో 21 దీవులకు ఆ 21 మంది పేర్లు పెట్టారు, ఆ సంగతీ ఎక్కువమంది దృష్టికి రాలేదు. మీ ఊరి పిల్లలు దీన్ని గమనించి, పోయినవాళ్ల పక్షాన నిలబడ్డారు. అది మంచి మనసు.

అయినా ‘రియల్ హీరోస్’ వద్దనే నా సలహా. తెలుగులో ‘హీరో’ అనే మాటకు సినిమాలో ప్రధాన పాత్ర వేసేవాడు అనే అర్థం పాతుకుపోయింది. ‘మీ హీరో ఎవరు?’ అని అడిగితే ఎవరూ సైనికుడి పేరు చెప్పరు. అలాంటి మాటకు ‘రియల్’ చేర్చి సైనికుడికి తగిలిస్తే, కొలబద్ద సినిమా నటుడే అవుతాడు. సైనికుణ్ని ఆ కొలబద్ద పక్కన నిలబెట్టి ‘ఈయన కూడా, ఈయనే నిజంగా’ అని వాదించినట్టు ఉంటుంది. బజార్లో కల్తీ తేనె ఎక్కువైనప్పుడే ‘అసలైన తేనె’ అని బోర్డు పెడతారు. మీ ఊరి మనిషికి ఆ బోర్డు ఎందుకు? పైగా ఫ్లెక్సీ పది రోజుల్లో చిరిగిపోతుంది, రాయి ఉంటుంది. యాభై ఏళ్ల తర్వాత చదివేవాడికి ‘రియల్’ అని ఎందుకన్నారో తెలియదు, ఎదురుగా ఫ్లెక్సీ ఉండదు కదా.

‘వీరుడు’ అనే మాట మనకు ఉంది, దానికి ముందు ఏ విశేషణమూ అక్కర్లేదు. అలంకారశాస్త్రం వీరరసాన్ని దానవీరం, దయావీరం, ధర్మవీరం, యుద్ధవీరం అని నాలుగు విధాలుగా చెప్పింది. ఆకలిగొన్నవాడికి అన్నం పెట్టినవాడికీ, కత్తి పట్టినవాడికీ ఒకే మాట చాలింది.

మీ రాయికి నమూనా దూరం పోయి వెతకాల్సిన పని కూడా లేదు. తెలుగులో రాతి మీద రాయడం మొదలైనట్టు మనకు తెలిసిన తొలి ఆధారం కడప జిల్లా కలమళ్లలో ఉంది, సుమారు 575 నాటి శాసనం. ఆ తర్వాతి శతాబ్దాల్లో సీమ అంతటా వీరగల్లులు వెలిశాయి. వీర, కల్లు కలిస్తే వీరగల్లు. ఇక్కడ కల్లు అంటే రాయి. ఊరి పశువులను శత్రువులు తోలుకుపోతుంటే అడ్డుపడి చనిపోయినవాడు, దొంగలతో పోరాడి పోయినవాడు, రాజు కోసం యుద్ధంలో పడినవాడు, వీళ్లకు ఆ రాళ్లు వేశారు. కొన్నింటి మీద కత్తో విల్లో పట్టుకున్న మనిషి బొమ్మ మాత్రమే ఉంటుంది. మరికొన్నింట్లో మూడు అంతస్తులు: కింద యుద్ధం, మధ్యలో అప్సరసలు అతణ్ని తీసుకుపోవడం, పైన శివలింగం దగ్గర అతను. నేను మీ దృష్టికి తేవాలనుకున్నది ఆ రాతల తీరు. ఫలానావాడు, ఫలానావాడి కొడుకు, ఫలానా చోట పోరాడి పడ్డాడు. అంతే. కన్నడ వీరగల్లుల్లో తరచు కనిపించే మాట ‘ఇఱిదు సత్త’, అంటే పొడిచి చచ్చాడు అని. అంతకు మించి పొగడ్త ఉండదు. చనిపోయినవాడి కుటుంబానికి భూమి ఇచ్చి, దానికి ‘నెత్తరు గొడగె’ అని పేరు పెట్టారు. నెత్తురుకు ఇచ్చిన మాన్యం అన్నమాట. ఆ రాళ్లలో ఉన్న చాలామంది రాజులు కారు, సేనానులు కారు. ఊరి మనుషులు. వాళ్ల పేరు ఇవాళ చదవగలుగుతున్నామంటే, ఆనాటి ఊరు పేరును స్పష్టంగా చెక్కించింది కాబట్టే.

ఇంగ్లీషువాళ్ల మీద తిరగబడ్డ ఉయ్యాలవాడ నరసింహారెడ్డి విషయం చూడండి. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఆయన్ను ఉరి తీశారు. తలను 1877 దాకా కోట గోడకు వేలాడదీశారు. సీమ జానపదులు ఆ కథను తరతరాలుగా పాడుకున్నారు. 2019లో పెద్ద సినిమా వచ్చాక గాని తక్కిన తెలుగునాడు ఆయన్ను పట్టించుకోలేదు. 2021లో ఓర్వకల్లు విమానాశ్రయానికి ఆయన పేరు పెట్టారు, సంతోషమే. ఆయన పక్కన కత్తి పట్టిన వడ్డె ఓబన్న పేరు ఇప్పటికీ ఎంతమందికి తెలుసు? సినిమాలో చిన్న పాత్ర అయినవాడు లోకం దృష్టిలోనూ చిన్నవాడైపోకూడదు. మీ రాయి మీద మూడు పేర్లూ ఒకే సైజు అక్షరాల్లో చెక్కించండి.

పతకాల విషయం త్వరగా చెబుతాను. ‘గ్రహీత’ సరైనది. విజేత అంటే గెలిచినవాడు, ఎదుట పోటీదారులు ఉండాలి. శౌర్యపతకం పోటీ పెట్టి ఇచ్చేది కాదు. పత్రికల్లో ‘పరమవీరచక్ర విజేత’ అని వస్తూనే ఉంటుంది, మీరు మాత్రం రాయకండి. ‘మరణానంతరం పొందారు’ అన్నా పొసగదు, పోయినవాడు పొందలేడు కదా. గల్వాన్‌లో 2020 జూన్ 15న నేలకొరిగిన సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్‌బాబు గురించి రాయాలంటే ‘మరణానంతరం మహావీరచక్ర ఇచ్చారు’ అనాలి. ఆయన్ను ‘జవాను’ అని రాసినవాళ్లూ ఉన్నారు. అదీ సరికాదు. జవాను, సిపాయి అనేవి అధికారి హోదా లేని సైనికులకు వాడే మాటలు. ‘సైనికుడు’ అంటే అందరికీ సరిపోతుంది.

హోదా గురించి మన ప్రాంతంలో ప్రత్యేకంగా జాగ్రత్త పడాల్సిన మాట ఒకటుంది: నాయక్. సైన్యంలో సిపాయి పైన లాన్స్ నాయక్, ఆ పైన నాయక్, తర్వాత హవల్దార్. తండాల్లో నాయక్ అనేది పేరులోనే భాగం. 2025 మే నెలలో సరిహద్దులో ప్రాణాలిచ్చిన గోరంట్ల మండలం కల్లితండా యువకుడు మురళీనాయక్ అగ్నివీర్, అంటే నాలుగేళ్ల కాలానికి సైన్యంలో చేరినవాడు. ఆయన పేరులోని నాయక్ హోదా కాదు. 2021 డిసెంబర్‌లో జనరల్ రావత్‌తో పాటు హెలికాప్టర్ ప్రమాదంలో పోయిన ఉమ్మడి చిత్తూరు జిల్లా సాయితేజకు ముందున్న ‘లాన్స్ నాయక్’ హోదా. కాబట్టి హోదాను పేరుకు ముందు విడిగా రాయించండి, పేరును చివరిదాకా కలిపి రాయించండి. లేకపోతే కొన్నేళ్ల తర్వాత ఏది పేరో ఏది పదవో తేలదు.

క్రియ కూడా ఆలోచించి వేయాలి. ‘మృతి చెందారు’ అనేది బస్సు ప్రమాదపు వార్తలా ఉంటుంది. ‘హతమయ్యారు’ పత్రికల్లో ఎక్కువగా శత్రువుకు వాడతారు. ‘వీరమరణం పొందారు’ తప్పు కాదు, వాడి వాడి అరిగింది. ‘నేలకొరిగారు’ నాకు నచ్చుతుంది. పోరులో కాకుండా డ్యూటీలో ఉండగా ప్రమాదంలో పోయినవాళ్లకు ‘విధి నిర్వహణలో ప్రాణాలు కోల్పోయారు’ అని ఉన్నదున్నట్టు రాస్తే వాళ్ల గౌరవం ఏమాత్రం తగ్గదు.

ఇవన్నీ కలిపితే మొదటి ఆయనకు ఇలా వస్తుంది: హోదా, పూర్తి పేరు, తల్లిదండ్రుల పేర్లు, ‘1999 కార్గిల్ యుద్ధంలో ఫలానా తేదీన ఫలానా చోట నేలకొరిగారు’. రెండో ఆయనకు: ‘కీర్తిశేషులు’, హోదా, పేరు, ‘1971 యుద్ధంలో పోరాడారు’, పుట్టిన, పోయిన సంవత్సరాలు. తేదీలూ, రెజిమెంటు పేరూ ఊరివాళ్ల జ్ఞాపకం మీద ఆధారపడి చెక్కించకండి, ఇంట్లోని డిశ్చార్జి పుస్తకమో పెన్షన్ కాగితమో చూడండి. మూడో ఆయన విషయంలో, ఏం రాయించాలో ఆయన్నే అడగండి. వద్దంటే మానుకోండి, ఒప్పుకుంటే అక్షరాలు చెక్కే ముందు కాగితం మీద రాసి ఆయనకు చూపించండి.

మీరు అడగలేదు గాని ఇంకో మాట. ఇలాంటి రాళ్ల మీద ఆవిష్కర్త పేరు, దాతల పేర్లు, సర్పంచి పేరు పెద్ద అక్షరాల్లో పైన ఉండి, సైనికుడి పేరు కింద ఇరుక్కుపోవడం నేను చాలాచోట్ల చూశాను. అవి రాయి వెనకవైపు చిన్న అక్షరాల్లో వేయించండి. ఎవరైనా నొచ్చుకుంటే, భాషావాళ్లను అడిగితే అలా చెప్పారని నా మీద పెట్టండి.